ఒడిలోని అమానతు

 

మన ఇళ్లలో బిడ్డ పుడితే మొట్టమొదట చేసే పని కుడి చెవిలో అజాన్ వినిపించడం. నారాయణఖేడ్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఈ పనికి నన్ను పిలుస్తుంటారు. కొన్నేళ్ల కిందట అలాగే ఒక ఇంటికి వెళ్లాను. గుడ్డలో చుట్టిన మగబిడ్డను చేతుల్లోకి తీసుకుని అజాన్ చెప్పాను. బిడ్డ కదలలేదు, ఉలిక్కిపడలేదు, హాయిగా నిద్రపోతూనే ఉన్నాడు. "ఎంత నిమ్మళమైన పిల్లవాడు!" అని అందరం మురిసిపోయాం. ఏడో రోజున అఖీఖా చేశారు, పేరు పెట్టారు, నేనూ వెళ్లి భోజనం చేసి వచ్చాను.

ఏడాది దాటింది. పిల్లవాడు నడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, కాని నోట మాట లేదు. "వీడి అబ్బా కూడా మూడేళ్లకు గాని నోరు విప్పలేదు" అంది దాదీ. తండ్రికి మాత్రం మనసు ఊరుకోలేదు. ఒక జుమా నమాజు తరువాత బిడ్డను ఎత్తుకుని నా దగ్గరకు వచ్చాడు. నేను సూరా ఫాతిహా చదివి ఊదాను, దుఆ చేశాను. "సబర్ చెయ్యి భాయ్, కొందరు పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి" అని చెప్పి పంపాను. దుఆ చేయడం నా విధి. కాని ఆ చివరి మాట చెప్పే అర్హత నాకు ఎక్కడిది? మదర్సాలో నేను చదివింది తఫ్సీరు, హదీసు, ఫిఖహ్. చెవుల వైద్యం నేను చదవలేదు.

రెండేళ్లు నిండాక ఒక రోజు ఆ తల్లి బిడ్డతో మా ఇంటికి వచ్చింది. పిల్లవాడు వంటింటి వైపు వీపు పెట్టి కూర్చుని చెంచాతో ఆడుకుంటున్నాడు. లోపల మా ఆవిడ చేతిలో నుంచి స్టీలు పళ్లేల దొంతర జారి బండల మీద పడింది. మా చిన్నమ్మాయి ఝడుసుకుని ఏడుపు లంకించుకుంది. ఆ పిల్లవాడు తల కూడా తిప్పలేదు. మా ఆవిడ మాట్లాడకుండా ఒక పళ్లెం తీసుకుని అతని వెనక నిలబడి గరిటెతో కొట్టింది. చెంచా ఆట ఆగలేదు. ఆ తల్లి మొహంలోకి చూసే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. అజాన్ చెప్పిన నాటి ఆ నిమ్మళమైన నిద్ర నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

హైదరాబాదులో పరీక్ష చేయించారు. రెండు చెవులూ పుట్టుకతోనే వినిపించడం లేదని తేలింది.

నేను చెప్పిన అజాన్ వృథా పోయిందని అనను. అల్లాహ్ విన్నాడు. కాని నేను చెప్పిన "సబర్" వల్ల ఆ పిల్లవాడి జీవితంలో దాదాపు ఒక ఏడాది పోయింది. అది మామూలు ఏడాది కాదు, మాట నేర్చే ఏడాది. అందుకే ఈసారి నమాజు, రోజా, జకాతుల సంగతి పక్కన పెట్టి పాలుతాగే బిడ్డల సంగతి మాట్లాడదలిచాను.

దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 78వ ఆయతు చూడండి. తల్లుల గర్భాల నుంచి మీరు ఏమీ తెలియని స్థితిలో బయటికి వచ్చారని, మీకు వినికిడినీ, చూపునూ, హృదయాలనూ ఇచ్చింది అల్లాహ్‌యేనని, ఇదంతా మీరు కృతజ్ఞత చూపడానికేనని అందులో ఉంది. వరసను గమనించండి. ముందు వినికిడి, తరువాత చూపు, ఆ తరువాత గ్రహించే హృదయం. గర్భంలోని చివరి నెలల్లోనే శిశువు శబ్దాలు వింటుందని, పుట్టేనాటికే తల్లి గొంతు గుర్తుపడుతుందని వైద్యులు చెబుతున్నారు. చూపు మాత్రం అప్పుడు జానెడు, జానెడున్నర దూరమే. అంటే పాలు తాగుతున్నప్పుడు తల్లి ముఖం కనిపించేంత దూరం. ఖుర్ఆన్‌ను వైద్యగ్రంథంగా నిరూపించాలనే ఉబలాటం నాకు లేదు. అది సన్మార్గ గ్రంథం. నేను అడిగేది ఒక్కటే. ఇచ్చిన అనుగ్రహానికి కృతజ్ఞత చూపమన్నప్పుడు, ఆ అనుగ్రహం మన బిడ్డకు అందిందో లేదో చూసుకోవద్దా? పదివేల రూపాయల ఫోను కొంటే దుకాణంలోనే మోగించి చూసుకుంటాం కదా!

పిల్లల ఎదుగుదలకు కొన్ని మంజిళ్లు ఉన్నాయి. రెండు నెలలు వచ్చేసరికి బిడ్డ తల్లి ముఖం చూసి నవ్వుతుంది. నాలుగో నెలకు మెడ నిలుస్తుంది. ఆ తరువాత బోర్లా పడుతుంది, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఎవరి ఆసరా లేకుండా కూర్చుంటుంది. ఈ రోజుల్లోనే 'బాబాబా', 'దాదాదా' అంటుంది, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుంది, కొత్తవాళ్లను చూసి తల్లి కొంగు పట్టుకుంటుంది. (కొత్తవాళ్లను చూసి ఏడిస్తే దిష్టి తగిలిందనుకోకండి. తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తెలుస్తోందన్న మాట.) ఏడాదికి ఒకటి రెండు మాటలు, కావలసిన వస్తువు వైపు వేలు చూపడం. రెండేళ్లకు రెండు మాటలు కలపడం, 'పానీ దేవ్', 'అమ్మీ ఆవ్' అన్నట్లుగా.

ఇవి పందెం గుర్తులు కావు. మరిది కొడుకు పదో నెలలో నడిచాడు, మావాడు పద్నాలుగో నెల వచ్చినా నడవడం లేదని కోడలిని సాధించే ఇళ్లు నాకు తెలుసు. మన దేశం, ఒమాన్ సహా ఐదు దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక లెక్క ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిదో నెల నుంచి దాదాపు పద్దెనిమిదో నెల వరకు ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చునట. అల్లాహ్ ఉంచిన వెసులుబాటు అంత పెద్దది. అయితే ఆ వెసులుబాటుకూ ఒక హద్దు ఉంది. మూడు నెలలకూ నవ్వని బిడ్డను, తొమ్మిది నెలలకూ కూర్చోని బిడ్డను, ఏడాదికీ వేలు చూపని, పిలిస్తే పలకని బిడ్డను, పదహారు నెలలకూ ఒక్క మాట కూడా రాని బిడ్డను డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాటలు, వచ్చిన పనులు మళ్లీ పోతుంటే మాత్రం ఏ వయసైనా సరే, ఒక్క వారం కూడా ఆగకూడదు. చూపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. లేదని తెలిస్తే రెండు రకాతుల షుక్రానా నమాజు చదువుకుని ఇంటికి రండి.

వయసు కన్నా సామర్థ్యం చూడాలన్నది మన ఫుఖహాలకు కొత్త మాట కాదు. తల్లిదండ్రులు విడిపోతే పసివాడు ఎంతవరకు తల్లి దగ్గర ఉండాలి అన్న మస్‌అలా హిదాయాలో వస్తుంది. తనంతట తాను తినగలగాలి, తాగగలగాలి, బట్టలు తొడుక్కోగలగాలి, శుభ్రం చేసుకోగలగాలి, అప్పటివరకు తల్లి దగ్గరే అని అందులో ఉంది. సంవత్సరాల లెక్క ఆ తరువాతనే వచ్చింది. ఇమామ్ ఖస్సాఫ్ (రహ్మతుల్లాహి అలైహి) దాన్ని సుమారు ఏడేళ్లుగా అంచనా కట్టారు. నమాజు నేర్పమని దైవప్రవక్త (స) ఆదేశించిన వయసు కూడా ఏడే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ పాఠాన్ని కంఠస్థం చేసి పరీక్ష రాశాను. ఆ పెద్దలు బిడ్డ చేతి ముద్దను, చొక్కా గుండీని ఎంత దగ్గరగా చూసి ఈ మాట రాశారో నేను తండ్రినయ్యాకే తెలిసింది.

ఇక పాల సంగతి. బఖరా సూరా 233వ ఆయతు ప్రకారం పాలు తాగే గడువు నిండుగా కోరేవారికి రెండేళ్లు. ఆ తల్లికి తిండి, బట్ట సమకూర్చడం తండ్రి బాధ్యత. గడువుకు ముందే మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపడి మాన్పించాలి. అంటే అత్తగారి హుకుంతోనో, తండ్రి చిరాకుతోనో మాన్పించేది కాదు! ఖుర్ఆన్‌లో మూసా (అలై) తల్లికి వచ్చిన ఆదేశం కూడా బిడ్డకు పాలిమ్మనే మొదలవుతుంది. ప్రాణభయం ఉన్న ఘడియలో సైతం ముందు పాలు, తరువాతే నది.

అలాంటప్పుడు ముర్రుపాలు పిండి పారబోయడం ఎక్కడి ధర్మం? 2016లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక తండ్రి అయిదు అజాన్లు వినిపించేవరకు బిడ్డకు తల్లిపాలు పట్టనివ్వలేదు. పోలీసు కేసు అయింది. ఈ షరతు ఖుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు. తహ్నీక్ సున్నత్. నమిలి మెత్తన చేసిన ఖర్జూరాన్ని అంగిలికి తాకించడమే తహ్నీక్. దాని పేరు చెప్పి రోజుల తరబడి ఘుట్టీ, చక్కెర నీళ్లు, తేనె పోయడం మన కల్పన. తేనెలో స్వస్థత ఉందని విశ్వసిస్తాం, కాని ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం కావచ్చునని వైద్యులు కచ్చితంగా చెబుతున్నారు. ఆ ఏడాది ఆగడంలో ఈమాన్‌కు వచ్చే లోటు ఏమీ లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఆ తరువాత పాలతో పాటు మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, గుడ్డు. సుర్మా విషయంలోనూ కాస్త ఆలోచించండి. బజారులో దొరికే కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది. అది పసిపిల్లల మెదడుకే చేటు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలోని ఒక సంఘటనను ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో నమోదు చేశారు. మదీనా బయట ఒక వర్తకుల బిడారు దిగింది. ఆ రాత్రి హజ్రత్ ఉమర్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఉమర్ వెళ్లి బిడ్డను సముదాయించమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ వెళ్లారు. తెల్లవారుజామున మూడోసారి వెళ్లి, నువ్వు మంచి తల్లివి కావని మందలించారు. తన ముందున్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మాన్పిస్తున్నానని, పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడని, అందుకే తొందరపడుతున్నానని చెప్పింది. బిడ్డ వయసు కొన్ని నెలలే. ఆ ఫజ్ర్ నమాజులో ఉమర్ (రజి) ఏడుపు వల్ల ఆయన ఖిరాఅత్ జనానికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు ముగించి, ఎందరు ముస్లిముల పిల్లలను చంపాడో ఈ ఉమర్ అని తనను తానే నిందించుకున్నారు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఇకపై భత్యం ఉంటుందని ఊరంతా చాటింపు వేయించారు.

ఈ కథను మనం పాలకుల గొప్పతనం చెప్పడానికి వాడుకుంటాం. నాకు మాత్రం ఆ తల్లి కనిపిస్తుంది. ఆమె చెడ్డది కాదు, పేదది. మన నారాయణఖేడ్ ప్రాంతంలో వానలు ఆగాక చెరకు కొట్టడానికి కుటుంబాలు బండి కట్టుకుని వెళతాయి. తండాల వాళ్లు, మనవాళ్లు అందరూ ఉంటారు. ఆరు నెలల బిడ్డ గుడిసె ముందు అయిదేళ్ల అక్క ఒడిలో పెరుగుతుంది. ఆ తల్లికి ఎదుగుదల మంజిళ్లు వల్లించి వచ్చేస్తే మన పని అయిపోదు. జకాతు, సదఖా లెక్కలు వేసేటప్పుడు బాలింతల తిండి మన లెక్కలోకి రావాలి. మదర్సాకు ఫ్యాను ఇచ్చినంత పుణ్యమే ఇదీ. ఫ్యాను మీద పేరు రాయించుకోవచ్చు, దీని మీద రాయించుకోలేం, అంతే తేడా!

దైవప్రవక్త (స) పసిపిల్లలతో ఎలా ఉండేవారో బుఖారీలో కళ్లకు కట్టినట్లు ఉంది. మనవరాలు ఉమామాను భుజం మీద ఎత్తుకుని నమాజు చేయించారు. సజ్దాకు వెళ్లేటప్పుడు దింపేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. నమాజు సుదీర్ఘంగా చేయాలని నిలబడి, ఒక బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి తల్లడిల్లుతుందని కుదించేవారు. ఒడిలో బిడ్డ మూత్రం పోస్తే నీళ్లు తెప్పించి చల్లారు తప్ప బిడ్డను కసరలేదు. పది మంది పిల్లలు ఉండి ఒక్కరినీ ముద్దాడలేదని గొప్పగా చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్‌కు, కరుణ చూపనివానికి కరుణ లభించదని జవాబిచ్చారు. మన ఇళ్లలో తండ్రి ఎత్తుకుంటే బిడ్డ గారాబమైపోతుందట! ఈ హదీసుల్లో ఎత్తుకున్నది ఎవరు? అల్లాహ్ ప్రవక్త (స) కాదా?

ఉమ్మె ఖాలిద్ (రజి) సంగతి మరీ ముఖ్యం. ఆమె తల్లిదండ్రులు హబషాకు హిజ్రత్ చేసినవారు, ఆమె అక్కడే పుట్టింది. చిన్నపిల్లగా మదీనాకు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తనకు వచ్చిన ఒక చిన్న నల్లని చారల వస్త్రాన్ని స్వయంగా ఆమెకు తొడిగారు. తొడిగి, 'బాగుంది, బాగుంది' అన్న అర్థం వచ్చే మాటను అరబీలో కాక ఆ పాప ఎరిగిన హబషీ భాషలో అన్నారు. అరబీ ప్రవక్త ఒక పసిపిల్ల కోసం ఆమె భాషలోకి వెళ్లారు! మన దగ్గర ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బీదర్ వైపు చుట్టాలు వస్తే కన్నడ. అన్ని భాషలు వింటే బిడ్డకు మాటలు రావని కొందరి భయం. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలు మూగవాళ్లు కారు. ఏ భాషా వినకపోతేనే వెనకబడతారు. నేడు ఆ పని సెల్‌ఫోను చేస్తోంది. ముద్ద తినడానికి ఫోను, ఏడుపు ఆపడానికి ఫోను. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండేళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోనులో ఖిరాఅత్ పెట్టాం కదా అంటారు కొందరు. ఖిరాఅత్ వినిపించండి, కాని అది జవాబు చెప్పదు. బిడ్డ 'బా' అంటే మీరు 'బా' అనాలి. మాట పుట్టేది ఆ బదులులోనే.

మేనరికం గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు, మరికొన్ని లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. షరీఅత్ అటువంటి నికాహ్‌ను అనుమతించింది, ఆదేశించలేదు. తరతరాలుగా ఒకే ఇంట్లో ఇచ్చిపుచ్చుకుంటున్నవారు, ఇంతకుముందే ఒక బిడ్డకు లోపం ఉన్నవారు బయటి సంబంధం చూసుకుంటే ఏ సున్నతూ తప్పినట్లు కాదు. ఇప్పటికే నికాహ్ అయినవారు బెంబేలు పడకండి. పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే చెవి పరీక్ష చేయించండి. నిద్రలోనే చేసే పరీక్ష అది, నొప్పి ఉండదు. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స ప్రారంభం. ఇదీ నేడు వైద్యులు పాటించే గడువు. మా పిల్లవాడి విషయంలో మూడు గడువులూ దాటిపోయాయి.

ఎక్కడికి పోవాలి అంటారా? మొదట అంగన్‌వాడీకి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. మన ఆడవాళ్లు పరదా పేరుతో అటు వెళ్లరు, బాలామృతం పొట్లం మాత్రం ఎవరి చేతనో తెప్పించుకుంటారు. పొట్లం కన్నా విలువైనది అక్కడి తూకం, ఆ తల్లీబిడ్డల కార్డు. ఏ వయసుకు బిడ్డ ఏం చేయాలో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. టీకాల తేదీలూ అందులోనే. పోలియో చుక్కల మీద ఎన్ని పుకార్లు పుట్టాయో మనకు తెలుసు. ఆ చుక్కల వల్లనే 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిననాటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు లోపాలు, ఎదుగుదల జాప్యాలు ఉన్నాయేమో ఉచితంగా చూస్తారు. చెవులకైతే హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, దాని పక్కనే వినికిడి లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఆ రెండో సంస్థకు మన హైదరాబాదీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు.

తావీజు కట్టించిన నెల తరువాత, దర్గాకు వెళ్లివచ్చిన నెల తరువాత, చుట్టాలందరి సలహాలూ అయ్యాక చివరన డాక్టరు దగ్గరకు వెళ్లే అలవాటు మానండి. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు దించాడన్నారు. ఇక లోపం ఉందని తేలిన బిడ్డను చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలో దాచకండి. అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనా మస్జిదుకు ముఅజ్జిన్. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు కొన్నిసార్లు మదీనాలో నమాజుకు ఇమామ్‌గా ఆయననే నియమించి వెళ్లేవారు. ఆయన కోసం ఖుర్ఆన్‌లో ఒక సూరాయే అవతరించింది.

ఆ పిల్లవాడికి ఆపరేషన్ చేసి చెవిలో యంత్రం అమర్చారు. ఆలస్యమైంది కనుక మాటలు ఇంకా మెల్లగానే వస్తున్నాయి. వారానికి రెండు సార్లు మాటల శిక్షణ. వాళ్ల అమ్మ మాత్రం రోజంతా అతనితో మాట్లాడుతూనే ఉంటుంది, రొట్టె చేస్తూ, బట్టలు ఉతుకుతూ. సాయంత్రం మా మక్తబ్‌కు వస్తాడు. ముందు వరసలో, నా పెదవులు కనిపించే చోట కూర్చోబెడతాను. 'బా' అంటే 'బా' అంటాడు. 'సీన్', 'షీన్' తేడా ఇంకా పట్టుబడలేదు.

ఇప్పుడు ఎవరైనా అజాన్‌కు పిలిస్తే వెళతాను. అజాన్, ఇఖామత్ అయ్యాక బిడ్డను తండ్రి చేతికిచ్చి, చెవుల పరీక్ష చేయించావా, కార్డు తీసుకున్నావా అని అడుగుతాను. మొన్న ఒక కుర్ర తండ్రి నవ్వాడు. "మౌల్వీసాబ్, మీరు కూడా నర్సమ్మలాగా అడుగుతున్నారేమిటి?" అన్నాడు. లోపలికి వెళ్లి కార్డు తెచ్చి చూపించాడు. మొదటి పేజీలో పేరు, ఊరు తప్ప మిగతావన్నీ ఖాళీ. దాదీ చాయ్ తెచ్చి పెట్టింది. చాయ్ తాగుతూ ఇద్దరం పక్కపక్కన కూర్చుని రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాం.